తరుగు తగ్గించే అచ్చు మూలపడింది: సియాల్‌కోట్ బంతుల పరిశ్రమలో ఒక ప్రయోగం

ఎగుమతి సరుకులో లాభం పలచబడినప్పుడు వర్తకుడి చూపు ముందుగా కొనుగోలు ధర మీద పడుతుంది. ముడిసరుకు చౌకగా ఎక్కడ దొరుకుతుంది, బేరంలో ఇంకో అర్ధరూపాయి తగ్గుతుందా అని వాకబు చేస్తాడు. కొన్న సరుకులో ఎంత భాగం తయారైన వస్తువులోకి వెళ్ళింది, ఎంత భాగం తరుగు కింద నేల మీద ముక్కలై మిగిలింది అన్న లెక్కను మాత్రం కార్ఖానా లోపలివారికి వదిలేయడం పరిపాటి. ఆ లోపలివారి లెక్కకు, యజమాని లెక్కకు పొంతన కుదరకపోతే ఏమవుతుందో పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్ పట్టణంలో 2012లో మొదలైన ఒక ప్రయోగం బయటపెట్టింది. డేవిడ్ అట్కిన్, ఆజం చౌధురి, షమైలా చౌధురి, అమిత్ ఖండేల్వాల్, ఎరిక్ వెర్హూగన్ అనే అయిదుగురు ఆర్థికశాస్త్రజ్ఞులు జరిపిన ఈ పరిశీలన 2017లో 'క్వార్టర్లీ జర్నల్ ఆఫ్ ఎకనామిక్స్' పత్రికలో అచ్చయింది. శాస్త్రజ్ఞుల కోసం రాసినదే అయినా అందులోని విషయం మాత్రం అచ్చంగా వ్యాపారస్థులది.

చిన్న పరిశ్రమలు కొత్త పనిముట్లను ఎందుకు వాడవని అడిగితే సాధారణంగా వినవచ్చే సమాధానాలు మూడు. పెట్టుబడి లేదు, సమాచారం లేదు, పనివారికి నైపుణ్యం లేదు. సియాల్‌కోట్‌లో పనిముట్టును ఉచితంగా ఇచ్చారు. దాని వివరం ఇంటికి తెచ్చి చెప్పారు. వాడే విధానం చూపించారు. అయినా చాలా కార్ఖానాలలో అది మూలపడింది. కారణం ఈ మూడింటిలోనూ లేకపోవడమే ఈ ఉదంతంలోని ప్రత్యేకత.

ఊరు, సరుకు

సియాల్‌కోట్ పేరు ఉత్తరాది క్రీడా సామగ్రి వర్తకులకు కొత్తది కాదు. 1947లో దేశ విభజన జరిగినప్పుడు అక్కడి వ్యాపారస్థులు, పనివారు చాలామంది జలంధర్, మీరట్ పట్టణాలకు తరలివచ్చి అదే వృత్తిని ఇక్కడ నిలబెట్టారు. జలంధర్ బంతుల పరిశ్రమ వేళ్ళు సియాల్‌కోట్‌లోనే ఉన్నాయి. విభజన తరువాత ఆ ఊరు క్రీడా సామగ్రి, శస్త్రచికిత్స పరికరాలు, తోలు వస్తువుల ఎగుమతులకు పెట్టింది పేరయింది. అక్కడి ఎగుమతిదార్లు ప్రభుత్వం కోసం ఎదురుచూడకుండా తమ సొమ్ముతోనే విమానాశ్రయం కట్టుకున్నారు. అది 2007లో పనిచేయడం మొదలుపెట్టింది. ఇటువంటి ఊళ్ళో వ్యాపారదక్షత లోపించిందని ఎవరూ అనలేరు.

చేత్తో కుట్టే ఫుట్‌బాల్ వారి ముఖ్య సరుకులలో ఒకటి. 1990 దశకం మధ్యనాటికి అమెరికా దిగుమతి చేసుకునే బంతులలో పెద్ద వాటా పాకిస్తాన్‌దే. ఇళ్ళలో పిల్లల చేత కుట్టిస్తున్నారని విదేశాలలో అలజడి రేగడంతో 1997 ఫిబ్రవరిలో అట్లాంటాలో ఒక ఒప్పందం కుదిరింది. కుట్టుపని తనిఖీకి వీలున్న కేంద్రాలకు మారింది. ఇదిలా ఉండగా చైనా యంత్రాలతో కుట్టిన చౌక బంతులు కింది తరగతి గిరాకీని తన్నుకుపోయాయి. పైతరగతిలో కుట్టు లేకుండా వేడితో అతికించే బంతులు వచ్చాయి. 2010 ప్రపంచ కప్పులో ఆడిన 'జబులాని' ఆ రకం బంతే, అది చైనాలో తయారయింది. రెండు పక్కలా ఒత్తిడి పడిన సియాల్‌కోట్ కార్ఖానాలకు ప్రయోగం నాటికి మిగిలిన లాభం సగటున నూటికి 8 మాత్రమే. వాటి సంఖ్య నూరు దాటి ఉంది. సగం సంస్థలు ఇరవై మందికి అటూ ఇటూగా పనివారున్న చిన్నవి. కొద్ది సంస్థలు మాత్రం వందల మందితో నడిచేవి.

అయిదు మూలల చిక్కు

వాడుకలో ఉన్న కుట్టు బంతి 32 ముక్కలతో తయారవుతుంది. ఆరు భుజాల ముక్కలు 20, అయిదు భుజాల ముక్కలు 12. 1970 మెక్సికో ప్రపంచ కప్పులో ఆడిన 'టెల్‌స్టార్'తో నలుపు తెలుపుల ఈ బంతి లోకమంతటికీ పరిచయమయింది. ముక్కలు కోసే సరుకు రెక్సిన్, అనగా కృత్రిమ తోలు. దాని వెనుక గుడ్డ పొరలను జిగురుతో అతికించి షీట్లుగా చేస్తారు. కోత పనివాడు 39 అంగుళాల వెడల్పు, 54 అంగుళాల పొడవు ఉన్న షీటును బల్ల మీద పరిచి, డై అనే ఇనుప అచ్చును దాని మీద పెట్టి హైడ్రాలిక్ ప్రెస్సుతో ఒత్తుతాడు. అచ్చును జరిపి మళ్ళీ ఒత్తుతాడు. రోజంతా ఇదే పని. బంతి ఖర్చులో అన్నిటికంటే పెద్ద పద్దు ఈ రెక్సిన్‌దే.

ఆరు భుజాల ముక్కలతో చిక్కు లేదు. తేనెపట్టులోని గదుల మాదిరి ఒకదానికొకటి సందు లేకుండా అమరిపోతాయి. షీటు అంచులలో పోయే కొద్దిపాటి తరుగు తప్ప నష్టం లేదు. అయిదు భుజాల ముక్కలు అలా అమరవు. ఎలా పేర్చినా మధ్య సందులు మిగులుతాయి. సమభుజాలున్న పంచభుజిని ఎంత ఒత్తుగా పేర్చవచ్చుననేది గణితజ్ఞులు చాలాకాలం తలబద్దలు కొట్టుకున్న ప్రశ్న. 1990లో గ్రెగ్ కూపర్‌బర్గ్, వ్లోదిమిర్ కూపర్‌బర్గ్‌లు ప్రచురించిన అమరికలో నూటికి 92 వంతుల జాగా నిండుతుంది. ఇంతకు మించడం సాధ్యం కాదని 2016లో టామస్ హేల్స్, ఊడెన్ కుస్నర్ రుజువు వెల్లడించారు. తమాషా ఏమంటే, ఈ అమరిక చైనాలోని పాతకాలపు కిటికీ జాలీల పనితనంలోనూ కనిపిస్తుంది. ఏ గణితమూ చదవని వడ్రంగి చేతికి అది ముందే దొరికిందన్న మాట.

సియాల్‌కోట్‌లో తరతరాలుగా వాడుతున్న అచ్చు రెండు పంచభుజాలది. దానితో కోస్తే షీటులో సుమారు అయిదో వంతు తరుగు కింద పోయేది. ఈ అర్థశాస్త్రజ్ఞులలో ఒకరు చైనాలో జబులాని బంతి తయారీని చూపే వీడియో ఒకటి చూస్తూ, అక్కడ లోపలి పొరకు పంచభుజాలను కోసే వరస వేరుగా ఉండడం గమనించారు. దాని ఆధారంగా నాలుగు పంచభుజాలను ఎదురుబొదురుగా, కాస్త పక్కకు జరిపి అమర్చిన కొత్త అచ్చు తయారు చేయించారు. అచ్చును సియాల్‌కోట్‌లోని కమ్మరి దుకాణాలే చేసిపెట్టగలవు. ఖరీదు సుమారు 300 డాలర్లు. కొత్త ప్రెస్సు అక్కరలేదు, కరెంటు అదనంగా కాలదు, బంతి నాణ్యతలో తేడా రాదు.

షీటు లెక్క

43.5 మిల్లీమీటర్ల భుజం ఉన్న పంచభుజాలు పాత అచ్చుతో ఒక షీటుకు సుమారు 250 వస్తాయి. కొత్త అచ్చుతో 272 వస్తాయి. వెయ్యి బంతులకు 12,000 పంచభుజాలు కావాలి. పాత పద్ధతిలో అందుకు 48 షీట్లు పడతాయి, కొత్త పద్ధతిలో 44 షీట్లు దాటి కొద్దిగా. అంటే వెయ్యి బంతులకు దాదాపు నాలుగు షీట్లు మిగులు.

బంతి పైపొరలో పంచభుజాల వాటా పదింట మూడు వంతులకు లోపే. పైగా రెక్సిన్ తప్ప లోపలి బ్లాడరు, దారం, కుట్టుకూలి వంటి ఖర్చులలో ఏమీ తగ్గదు. అందుచేత బంతి మొత్తం ఖర్చు మీద చూస్తే ఆదా నూటికి ఒకటి మాత్రమే. ఒక శాతమేనా అని పెదవి విరిచే ముందు లాభం ఎంతో గుర్తుచేసుకోవాలి. 100 రూపాయల సరుకు అమ్మితే 8 రూపాయలు మిగిలే చోట, ఖర్చులో దాదాపు ఒక రూపాయి తగ్గితే లాభం 9 రూపాయలవుతుంది. లాభంలో ఎనిమిదో వంతు పెరుగుదల. అమ్మకం ధర పెంచి ఇంత లాభం తెచ్చుకోవాలంటే చైనాతో పోటీపడుతున్న బజారులో అయ్యే పని కాదు. రెక్సిన్ బేరంలో ఇదే ఆదా సంపాదించాలన్నా షీటు ధర నూటికి రెండు పైగా తగ్గించమని అడగాలి. ప్రతి సరఫరాకూ మళ్ళీ అదే బేరం.

పదిహేను నెలలు

2012 మే నెలలో చీట్లు తీసిన పద్ధతిలో 35 సంస్థలను ఎంపిక చేసి వాటికి అచ్చును, దాని నమూనా పటాన్ని ఉచితంగా అందజేశారు. మరో 18 సంస్థలకు అచ్చు ఖరీదుకు సమానమైన నగదు ఇచ్చారు. ఒకవేళ మార్పు కనిపిస్తే అది డబ్బు వల్లనా, అచ్చు వల్లనా అని తేల్చుకోవడం కోసం ఈ ఏర్పాటు. మిగతా సంస్థలకు ఏమీ ఇవ్వలేదు. కానీ అచ్చు రహస్యమేమీ కాదు. ఎవరైనా చూసి చేయించుకోవచ్చు. ఒకే ఊరు, ఒకే బజారు, అందరికీ అందరూ తెలిసినవారే కనుక ఈ సంగతి త్వరలోనే ఊరంతా పాకిపోతుందని ఎవరైనా అనుకుంటారు.

పదిహేను నెలలు గడిచాక 2013 ఆగస్టులో లెక్క చూస్తే, అచ్చు ఉచితంగా పొందిన 35 సంస్థలలో దానితో వెయ్యి బంతులకు మించి తయారు చేసినవి అయిదు. ఉచితంగా పొందనివాటిలో ఒక్కటి. మిగతా చోట్ల అది బీరువాలోనో, పాత అచ్చుల గుట్టలోనో ఉంది.

ఎందుకు వాడలేదని యజమానులను అడిగినప్పుడు చాలామంది నోట వచ్చిన కారణం ఒక్కటే. కోత పనివారికి అది ఇష్టం లేదు. అచ్చు సరిగా పనిచేయడం లేదని పనివాడు చెప్పాడు. యజమాని నమ్మాడు. నమ్మకపోవడానికి ఆయనకు ఆధారం కూడా లేదు. ప్రెస్సు దగ్గర ఆయన ఏనాడూ నిలబడలేదు. ఆర్డర్లు, బ్యాంకు కాగితాలు, ఓడ తేదీలు, కొనుగోలుదారుకు జవాబులు, వీటితోనే ఆయనకు పొద్దు చాలదు. అచ్చు మంచిదో చెడ్డదో చెప్పగలిగినవాడు కార్ఖానా మొత్తంలో ఒకడే. ఆ ఒక్కడికీ అది మంచిదని చెప్పడం వల్ల ఒనగూడేదేమీ లేదు.

కోత పనివాడి లెక్క

సియాల్‌కోట్ బంతుల కార్ఖానాలలో నూటికి తొంభైకి పైగా కోత పనివారికి పీసు రేటు మీద కూలి ఇస్తాయి. ఎన్ని ముక్కలు కోస్తే అన్ని పైసలు. షీటుకు ఎన్ని వచ్చాయన్నదానితో, ఎంత తరుగు పోయిందన్నదానితో ఆ కూలికి సంబంధం లేదు. రెక్సిన్ ఖర్చు యజమానిది, కాలం పనివాడిది.

కొత్త అచ్చు నాలుగు ముక్కలది కనుక దానిని ఒడుపుగా ఒకదాని పక్కన ఒకటి కచ్చితంగా పెట్టాలి. అలవాటు లేని చేతికి మొదట్లో వేగం తగ్గుతుంది. ఆదాను ఎక్కువ చేసి చూపకూడదని అధ్యయనకర్తలు పంచభుజాల కోతకు పట్టే కాలం సగం మేర పెరుగుతుందని భారంగానే అంచనా వేసుకున్నారు. ఒక గంటలో అయ్యే పని గంటన్నర పడితే, పీసు రేటు మారనంతకాలం ఆ పని మీద పనివాడికి గంటకు వచ్చే కూలి మూడో వంతు తగ్గుతుంది. ఇంటి అద్దె, బియ్యం ఖర్చు మాత్రం తగ్గవు. ఆ కోతలో మిగిలిన రెక్సిన్‌లో అతనికి ఒక్క పైసా రాదు. ఈ పరిస్థితిలో పనివాడు అచ్చు బాగాలేదని చెప్పడాన్ని సోమరితనమనో, కొత్తదంటే భయమనో కొట్టివేయడం తొందరపాటు. అతని లెక్క అతనికి సరిగ్గానే ఉంది.

మరి యజమాని పీసు రేటు పెంచితే సరిపోదా అనే ప్రశ్న వెంటనే వస్తుంది. అంకెల ప్రకారం సరిపోతుంది, మిగులుతుంది కూడా. బంతి ఖర్చులో కోత కూలి వాటా నూటికి ఒకటి కూడా లేదు. ఆ కూలిని సగం పెంచినా ఖర్చు మీద పడే భారం అర శాతం లోపే. రెక్సిన్‌లో ఆదా దాదాపు ఒక శాతం. పనివాడికి నష్టం లేకుండా చేసి, యజమాని తాను సగానికి పైగా మిగుల్చుకోవచ్చు. అయితే రేటు పెంచే ముందు యజమానికి అచ్చు మీద నమ్మకం కుదరాలి. ఆ నమ్మకం కలిగించే మాట పనివాడి నోటి నుంచే రావాలి. పనివాడు చెప్పే ముందు రేటు పెరుగుతుందన్న భరోసా కావాలి. ఎవరు ముందు కదలాలో తేలక ఇద్దరూ ఆగిపోయారు. దీనికి తోడు పీసు రేటు అనేది ఊరంతటికీ వాడుకైన పద్ధతి. ఒక్క బల్ల దగ్గర మారిస్తే పక్క బల్లవాడు, ముద్రణ పనివాడు, రేపు కుట్టుపనివారు అడుగుతారేమోనన్న బెరుకు ఏ యజమానికైనా ఉంటుంది. వ్యాపారంలో ఉన్నవారికి ఇది విప్పి చెప్పనక్కరలేదు.

ఒక నెల జీతం

ఇది ఊహేనా, నిజమా అని తేల్చడానికి 2013 శరత్కాలంలో రెండో ప్రయోగం జరిపారు. అచ్చు అందుకుని అప్పటికీ పనిచేస్తున్న సంస్థలను మళ్ళీ చీట్ల పద్ధతిలో రెండుగా విడదీశారు. అందరికీ అచ్చు ప్రయోజనాన్ని ఇంకోసారి వివరించారు. ఒక భాగానికి మాత్రం అదనంగా ఒక ఏర్పాటు చేశారు. ఒక కోత పనివాడు, ఒక ముద్రణ పనివాడు యజమాని ఎదుట కొత్త పద్ధతిలో పనిచేసి చూపితే ఒక్కొక్కరికి సుమారు ఒక నెల సంపాదనకు సమానమైన మొత్తం ఏకమొత్తంగా ఇస్తామన్నారు. కోత పనివాడు నిర్ణీత సమయంలో ఒక షీటులో 272 ముక్కలు తెగ్గోసి చూపాలి. అచ్చు మారితే ముక్కల మీద బొమ్మ వేసే స్క్రీను వరస కూడా మారుతుంది కనుక ముద్రణ పనివాడిని కలుపుకోక తప్పలేదు.

ఆ సొమ్ము ఇచ్చిన సంస్థలలో అచ్చు వాడకం గుర్తించదగినంతగా పెరిగింది. సొమ్ము ఇవ్వనివాటిలో అటువంటి మార్పు లేదు. ఇందులో గమనించవలసింది ఆ సొమ్ము పరిమాణం. ఇద్దరు పనివారి ఒక నెల సంపాదన ఏ ఎగుమతి కార్ఖానాకూ లెక్కలోకి వచ్చేది కాదు. అది యజమాని జేబు నుంచి రాలేదు కూడా. అచ్చు గురించి కొత్త సంగతి కూడా ఏదీ చెప్పలేదు. మారిందల్లా యజమాని కళ్ళెదుట 272 ముక్కలు కోసి చూపడం వల్ల పనివాడికి నష్టానికి బదులు లాభం రావడమే. ఒకసారి ఆ లెక్క యజమాని కంట పడ్డాక దాన్ని దాచడం ఎవరి తరమూ కాదు.

అయితే సొమ్ము అందిన ప్రతి సంస్థా అచ్చును వాడలేదు. ఏకమొత్తం ఒక్కసారి వస్తుంది, పీసు రేటు రోజూ ఉంటుంది. బహుమతి తీసుకుని పాత అచ్చుకు తిరిగి వెళ్ళడానికి పనివాడికి దారి తెరిచే ఉంది.

ఊళ్ళోని పెద్ద సంస్థలలో ఒకటి ఈ గొడవ ఏమీ లేకుండా, ఎవరూ బహుమతి ఇవ్వకుండానే మొదట్లోనే అచ్చును అందిపుచ్చుకుంది. తన ఖర్చుతో మరికొన్ని అచ్చులు చేయించుకుంది కూడా. ఆ సంస్థలో కోత పనివారికి పీసు రేటు లేదు. నెలజీతం, దాని మీద పనితీరును బట్టి బోనసు. కోతలో కాలం కాస్త ఎక్కువ పట్టినా పనివాడి జీతం తెగదు. తరుగు తగ్గితే యజమాని చూస్తాడు. అచ్చు మంచిదని చెప్పడానికి అక్కడ ఎవరికీ అడ్డు లేకపోయింది. పెద్ద సంస్థలకు పెట్టుబడి ఉంది కనుక కొత్త పనిముట్లు వాడతాయని సాధారణంగా అంటారు. 300 డాలర్ల అచ్చు విషయంలో ఆ మాట అతకదు.

పీసు రేటును తప్పుపట్టడం సులభమే. అది ఎందుకు నిలిచిందో కూడా చూడాలి. పాత అచ్చు ఒక్కటే ఉన్నన్నాళ్ళూ ప్రతి పనివాడూ షీటుకు ఇంచుమించు ఒకే సంఖ్య తీసేవాడు. తరుగులో తేడా లేనప్పుడు చూడవలసింది వేగం ఒక్కటే. వేగానికి పీసు రేటును మించిన కొలత లేదు. ఓడ తేదీ తరుముకొస్తున్నప్పుడు నెలజీతగాడి కంటే పీసు పనివాడే ఆదుకుంటాడు. పద్ధతి పాత పనిముట్టుకు సరిగ్గా సరిపోయింది. పనిముట్టు మారినప్పుడే అది అడ్డం తిరిగింది.

ఈజిప్టు మగ్గం మాట

సియాల్‌కోట్ సంగతికి పక్కన పెట్టి చూడదగినది ఈజిప్టులోని ఫువా పట్టణపు అనుభవం. నైలు నది పాయ ఒడ్డున ఉన్న ఆ ఊరు చేతిమగ్గం తివాచీలకు పేరుపడింది. అక్కడి సంస్థలన్నీ మరీ చిన్నవి. ఎక్కువ చోట్ల యజమానే నేతగాడు, సాయానికి ఒకరిద్దరు. పైన చెప్పినవారిలోని డేవిడ్ అట్కిన్, అమిత్ ఖండేల్వాల్, వారితోపాటు ఆడం ఉస్మాన్ అక్కడ 2017లోనే ప్రచురితమైన ఇంకో పరిశీలన చేశారు. ఈసారి పనిముట్టు ఇవ్వలేదు. ధనిక దేశాల కొనుగోలుదార్ల ఆర్డర్లను ఒక మధ్యవర్తి సంస్థ ద్వారా కొందరు నేతగాళ్ళకు చీట్ల పద్ధతిలో అందజేశారు. ఆర్డరు దొరికినవారి లాభాలు దొరకనివారి కంటే నూటికి 16 నుంచి 26 వరకు ఎక్కువగా నమోదయ్యాయి. తివాచీల నాణ్యత బాగా పెరిగింది. గంటకు నేసే జాగా మాత్రం తగ్గింది.

గంటకు ఎంత నేశాడన్న ఒక్క కొలతే చూస్తే ఎగుమతి ఆర్డరు వల్ల ఆ నేతగాడి పనితనం దిగజారిందని రాసుకోవాలి. నిజానికి జరిగింది వేరు. విదేశీ కొనుగోలుదారు అడిగే తివాచీ కష్టమైనది, మూలలు సరిగా రావాలి, నేత బిగువుగా ఉండాలి, రంగు తేలకూడదు. అందుకు కాలం ఎక్కువ పడుతుంది, ధర కూడా ఎక్కువ వస్తుంది. ఈ సంగతి రూఢి చేసుకోవడానికి ఆర్డర్లు దొరికినవారిని, దొరకనివారిని ఒకే చోట, ఒకే రకం మగ్గం మీద, ఒకే నూలుతో ఒకే నమూనా దేశవాళీ తివాచీ నేయమన్నారు. ఎగుమతి చేసినవారి తివాచీ మెరుగ్గా వచ్చింది. కాలం మాత్రం ఎక్కువ పట్టలేదు. ఆర్డరు వెంట పనితనం కూడా వచ్చి చేతిలో నిలిచిందన్న మాట.

ఫువాలో ఆలస్యం జరగకపోవడానికి ఒక కారణం ఊహించడం కష్టం కాదు. అక్కడ మగ్గం మీద కూర్చున్నవాడూ, సొమ్ము లెక్కపెట్టుకునేవాడూ తరచుగా ఒకరే. నెమ్మదిగా నేస్తే వచ్చే నష్టం, మంచి ధర వల్ల వచ్చే లాభం రెండూ ఒకే సంచిలో పడతాయి. అచ్చు గురించి ఎవరో చెప్పే మాటను నమ్మాలా వద్దా అనే ప్రశ్నే అక్కడ పుట్టదు. సియాల్‌కోట్ కార్ఖానా ఇరవై మందితోనే నడిచినా అందులో బల్ల ఒకరిది, గల్లాపెట్టె ఇంకొకరిది.

రెండు ఊళ్ళలోనూ కొనుగోలుదారు పాత్ర గురించి దళారులకు ఆసక్తికరమైన సంగతి ఒకటుంది. తివాచీ నాణ్యత కొనుగోలుదారు కంటికి కనిపిస్తుంది, అడుగుతాడు, బాగాలేకపోతే తిప్పి పంపుతాడు. ఫువాలో మధ్యవర్తి సంస్థ లోపాలు చెప్పి దిద్దించింది కూడా. రెక్సిన్ తరుగు బంతి కొన్నవాడికి కనిపించదు. 250 వచ్చిన షీటు నుంచి తయారైన బంతికీ, 272 వచ్చిన షీటు నుంచి తయారైన బంతికీ తేడా లేదు. కనుక కొత్త అచ్చు కోసం ఒత్తిడి బయటి నుంచి రాదు. నాణ్యత పెంచే మార్పులు ఎగుమతి ఆర్డరుతోపాటు నడిచివస్తాయి గాని, ఖర్చు తగ్గించే మార్పులకు కార్ఖానా లోపలే ఎవరో ఒకరు పూనుకోవాలి.

ఇక అచ్చు ప్రయోజనానికి హద్దులు కూడా ఉన్నాయి. సియాల్‌కోట్ పెద్ద కార్ఖానాలు కాలక్రమేణా వేడితో అతికించే పద్ధతికి కూడా వచ్చాయి. 2014 బ్రెజిల్ ప్రపంచ కప్పులో ఆడిన 'బ్రజూకా' బంతులు సియాల్‌కోట్‌లోని ఫార్వర్డ్ స్పోర్ట్స్ సంస్థ తయారు చేసినవి. 2018లో రష్యాలో ఆడిన 'టెల్‌స్టార్ 18' కూడా అక్కడి నుంచే వెళ్ళింది. ఈ రెండింటిలోనూ ముక్కలు ఆరేసి మాత్రమే, పంచభుజాలు అసలు లేవు. నాలుగు పంచభుజాల అచ్చు లాభించేది 32 ముక్కల కుట్టు బంతికి, అనగా బడిపిల్లలు, ఊరి క్లబ్బులు కొనే చౌక బంతికి, కంపెనీలు తమ గుర్తు ముద్రించి పంచిపెట్టే ప్రచార బంతికి. వెయ్యి బంతులకు నాలుగు షీట్ల ఆదా నిలిచేది, లాభం అన్నిటికంటే పలచగా ఉండేది కూడా ఆ సరుకులోనే.